నన్ను ఆడనివ్వకండి

కాలిఫోర్నియాలో లాటరీ టికెట్ కావాలంటే ఈనాటికీ షాపుకు వెళ్ళాల్సిందే. ప్రభుత్వం అక్కడ ఫోన్‌లో టికెట్ అమ్మదు. తూర్పున కొన్ని రాష్ట్రాల్లో మాత్రం ఇంట్లో సోఫాలో పడుకుని కొనుక్కోవచ్చు. యూటాలో అసలు లాటరీయే లేదు. మన ఆంధ్రలో, తెలంగాణలో నిషేధం. కేరళలో ప్రభుత్వమే అమ్ముతుంది, అదీ కాగితం టికెట్టే. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. శాంటా క్లారాలో మా తెలుగు చర్చి సంఘంలో ప్రతి ఆదివారం నా పక్కన నిలబడి పాటలు పాడిన ఆడవాళ్ళకు మాత్రం నాకు ఇవన్నీ తెలుసని చాలాకాలం తెలియదు. ఐదేళ్ళు నేను లాటరీ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో టెస్టర్‌గా పనిచేశాను. ఆ మాట అప్పట్లో సంఘంలో ఇద్దరికే తెలుసు. ఒకరు నన్ను ఆ ఉద్యోగంలో పెట్టించిన అన్నయ్య, రెండోవారు ఆయన భార్య.

అన్నయ్య అంటే తోడబుట్టినవాడు కాదు. నేను చదువు ముగించుకుని సన్నీవేల్ వచ్చిన కొత్తలో, ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్న రోజుల్లో, మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల లైన్లో పలకరించాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"నరసాపురం దగ్గరండి."

"ఓరి దేవుడా, మా అమ్మమ్మగారిది ఆ పక్కూరే! ఏమోయ్, ఇటురా, మన ఊరమ్మాయి వచ్చింది," అని భార్యను పిలిచాడు. ఆమె వచ్చి నా ప్లేటు చూసి, ఏమీ అడక్కుండా ఇంకో గరిటె కూర వేసింది. ఆ క్షణం నుంచి ఆమె నాకు వదిన.

నెల తిరిగేసరికి ఆయన కంపెనీలోనే నాకు ఉద్యోగం దొరికింది. చర్చి పార్కింగ్ లాట్‌లో తన పాత కారిచ్చి నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. వీసా లాటరీలో నా పేరు రావాలని ఆ ఏడు మార్చిలో వాళ్ళిద్దరూ మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థన చేశారు. పేరు వచ్చిందని తెలిసినప్పుడు వదిన ఫోన్‌లో ఏడ్చింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత జరిగింది ఎవరో మేనేజర్ చేసి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదు.

ఆఫర్ లెటర్ వచ్చిన రోజు ఆయన ఒక జాగ్రత్త చెప్పాడు. "ఏం కంపెనీ అని ఎవరన్నా అడిగితే గేమింగ్ అని చెప్పమ్మా. లాటరీ అన్నావనుకో, పాస్టర్ గారు వచ్చే ఆదివారం ప్రసంగం మన మీదే పెడతారు."

"మరి మీరేం చెబుతారన్నయ్యా?"

"నేనా? పేమెంట్స్ అంటాను. అబద్ధం కాదుగా, డబ్బు వస్తుంది, డబ్బు పోతుంది."

వదిన నవ్వింది. నేనూ నవ్వాను.

మా కంపెనీ లాటరీ నడపదు. నడిపేవాళ్ళకు సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. చాలా దేశాల్లో కస్టమర్లు ఉండేవాళ్ళు, ప్రతి దేశానికీ వేరే రూల్స్. అన్నయ్య ఆ రూల్స్ టీమ్‌కి పెద్ద. నేను ఆయన కింద టెస్టర్ని. నార్వేలో ఆటగాడు నెలకు ఇంతకు మించి పోగొట్టుకోకుండా పైనుంచే హద్దు. స్వీడన్‌లో ఆట మొదలుపెట్టే ముందే నీ హద్దు నువ్వు పెట్టుకోవాలి. బ్రిటన్‌లో పదహారేళ్ళ పిల్లలు కూడా టికెట్ కొనే రోజులు పోయి పద్దెనిమిది చేశారు. వేరే దేశపు లాటరీలో ఏ నంబర్ వస్తుందో దాని మీద పందెం కట్టించుకునే సైట్లు కొన్ని ఉండేవి, అవి టికెట్టే కొనవు. ఆస్ట్రేలియా వాటిని వద్దంది. అమెరికాలో దేశమంతటికీ ఒక రూల్ లేదు, ఏ రాష్ట్రం లెక్క ఆ రాష్ట్రానిదే. కొనే క్షణంలో మనిషి ఆ రాష్ట్రం నేల మీద ఉన్నాడా లేదా అన్నది ఫోన్ పట్టుకోవాలి.

అది పరీక్షించడానికి ఒకసారి అన్నయ్యా నేనూ తూర్పున ఒక రాష్ట్రానికి వెళ్ళాం. రెండు రాష్ట్రాల మధ్య ఒక నది, నది మీద వంతెన. ఆయన అద్దె కారు నడుపుతున్నాడు. నా ఒళ్ళో, సీటు మీద, డాష్‌బోర్డు మీద కలిపి పది ఫోన్లు. వంతెన మధ్యకు రాగానే ఒక్కొక్క ఫోన్‌లో 'కొనండి' అన్న బటన్ మాయమైపోవాలి. తొమ్మిది ఫోన్లలో మాయమైంది. పదోది అవతలి ఒడ్డు ఎక్కాక కూడా కొనమంటూనే ఉంది. ఆ ఒక్క ఫోన్ కోసం మధ్యాహ్నమంతా ఆ వంతెన మీద ఇటూ అటూ తిరిగాం. టోల్ బూత్‌లో కూర్చున్న ఆవిడ నాలుగోసారి మమ్మల్ని చూసి, "దారి తప్పారా?" అని అడిగింది. ఆయన నవ్వి నవ్వి కారు పక్కకు ఆపేశాడు. ఆ ప్రయాణం తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వే వస్తుంది. వచ్చాక నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ పనిలో నాకు నచ్చనివీ ఉండేవి. ఫోన్‌లో గీకే టికెట్ ఒకటుంటుంది. వేలితో తెర మీద రుద్దితే పొర ఊడినట్టు అంకెలు బయటపడతాయి. కొన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి రుద్దుతారు. నిజానికి కొనండి అని నొక్కిన క్షణంలోనే అవతల కంప్యూటర్‌లో ఫలితం తేలిపోతుంది. రుద్దడమంతా వేడుక. ఆ వేడుక ఎన్ని సెకన్లు ఉంటే మనిషి మళ్ళీ కొంటాడో చూసేందుకు ఒక టీమ్ ఉండేది. ఒకరోజు ఆ సంగతి అన్నయ్య దగ్గర ఎత్తాను.

"వాళ్ళ పని వాళ్ళదమ్మా. మన పని చూడు. మనం తాళాలు వేసేవాళ్ళం. ఆడేవాడు మన వల్ల ఆడటం లేదు, మన వల్ల కాస్త తక్కువ ఆడుతున్నాడు."

ఆ మాట పట్టుకుని నాలుగేళ్ళు సంఘంలో తలెత్తుకుని కూర్చున్నాను.

ఆ తాళాల్లో ఒకటి నా చేతిలో ఉండేది. ఆట మానలేని మనిషి తనకు తానే తలుపు మూయించుకోవచ్చు. 'నన్ను ఆరు నెలలు రానివ్వకండి', 'ఏడాది రానివ్వకండి', 'జీవితాంతం రానివ్వకండి' అని అడిగితే, ఆ తర్వాత ఆ మనిషే వచ్చి బతిమాలినా తెరవకూడదు. దాన్ని పరీక్షించే బాధ్యత నాది. వేరే పేరుతో వచ్చినట్టు, వేరే ఫోన్‌తో వచ్చినట్టు, పెళ్ళయి ఇంటిపేరు మారినట్టు వేషాలు వేసి ఆ తలుపు తోసేదాన్ని. తెరుచుకోకపోతే సంతోషం.

నాలుగో ఏడు ఒక ఫిర్యాదు వచ్చింది. మామూలు ఫిర్యాదులు లాటరీల తరఫున మా కస్టమర్ సపోర్ట్ వాళ్ళే చూసుకుంటారు. సాఫ్ట్‌వేర్ తప్పు అనిపిస్తే మాకు పంపుతారు. యూరప్‌లో ఒక దేశంలో, ఆసుపత్రి వంటగదిలో పనిచేసి రిటైరైన ఒకావిడ రాసింది. ఆమె భాషలోంచి మెషీన్ ఇంగ్లీషులోకి తిప్పిన ఉత్తరం. సారాంశం ఇది:

'మూడేళ్ళ కిందట, నా భర్త బతికుండగా, జీవితాంతం నన్ను ఆడనివ్వకండి అని మీకు రాసి ఇచ్చాను. ఆయన నా పక్కనే కూర్చుని ఆ బటన్ నొక్కించాడు. ఇప్పుడు ఆయన లేడు. నేను సరిహద్దు దాటి మా అమ్మాయి ఉన్న ఊరికి వచ్చాను. ఇక్కడ మీరే నాకు స్వాగతం అని మెసేజ్ పంపారు. మొదటి టికెట్లు ఉచితం అన్నారు. నేను బలహీనురాలిని, ఆ సంగతి మీకు ముందే చెప్పాను. ఎన్నిసార్లు చెప్పాలి?'

వెంటనే వెతికాను. సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ లేదు. మొదటి దేశంలో ఆమె తలుపు మూసే ఉంది. రెండో దేశం చట్టం తన దేశపు జాబితా ఒక్కటే చూడమంటుంది, పక్క దేశపు జాబితా చూడమని అడగదు. రెండు చోట్లా మా సాఫ్ట్‌వేరే, రెండు చోట్లా చట్టం తు.చ. తప్పకుండా పాటించాం. ఆవిడ మాత్రం మళ్ళీ ఆడి, మొగుడు పోయాక చేతికొచ్చిన ఇన్సూరెన్స్ డబ్బు పోగొట్టుకుంది.

ఆ ఉత్తరం ప్రింట్ తీసి అన్నయ్య గదికి వెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది తప్పమ్మా. చట్టం సంగతి అటుంచు, తప్పు తప్పే. నువ్వు రాయి, నేను పెట్టిస్తాను."

టెస్టర్నైనా కోడ్ రాయడం నాకు వచ్చు. అది రెండు వారాల పని. కొత్త దేశంలో ఖాతా తెరిచేవాళ్ళను ఒక్క ప్రశ్న అడుగుతాం: 'ఇంకెక్కడైనా మిమ్మల్ని మీరు ఆపుకున్నారా? మేం చూడవచ్చా?' ఒప్పుకుంటే అన్ని దేశాల జాబితాలూ చూస్తాం, ఒప్పుకోకపోతే ఖాతా తెరవం. లాయర్లు సరే అన్నారు. ఆ దేశంలో లాటరీల మీద నిఘా ఉంచే ఆఫీసుకు మా సాఫ్ట్‌వేర్‌లో ఈ కొత్త తాళం ఉందని కాగితం కూడా వెళ్ళింది. ఆవిడ తెరిచిన ఖాతా మూసి, ఆవిడకు రాయమని సపోర్ట్ వాళ్ళతో చెప్పాను. 'సరిచేశాం, ఇక మీ కోసం ఈ తలుపు తెరుచుకోదు' అని రాశారు. ఆమె ఒక్క ముక్క జవాబిచ్చింది. ధన్యవాదాలు అని.

ఆ నెలలోనే నేను వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్ళాల్సి వచ్చింది. మూడు వారాలు సెలవు. వెళ్ళే ముందు రోజు అన్నయ్య నా డెస్క్ దగ్గరికి వచ్చాడు.

"నీ సెక్యూరిటీ కీ నా దగ్గర పెట్టమ్మా. నువ్వు లేనప్పుడు ఏదన్నా అప్రూవల్ ఆగిపోతే అందరూ నీ మీద పడతారు."

కంప్యూటర్‌కి గుచ్చి ఫారాల మీద మన సంతకం పెట్టడానికి వాడే చిన్న ప్లాస్టిక్ ముక్క అది. ఎవరికీ ఇవ్వకూడదని ప్రతి ఏడాదీ ట్రైనింగ్‌లో చెబుతారు. నేను తాళాల గుత్తి నుంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. డ్రైవింగ్ నేర్పిన మనిషిని ఏమని అనుమానిస్తాను?

తిరిగొచ్చేసరికి కీ నా సొరుగులో ఉంది, పక్కన వదిన పంపిన సున్నుండల డబ్బా. ఆ ఆదివారం ఆరాధనలో అన్నయ్య సాక్ష్యం చెప్పడానికి లేచాడు. తనకు డైరెక్టర్‌గా ప్రమోషన్ వచ్చిందని, అది తన తెలివి కాదని, దేవుడి కృప అని చెప్పాడు. అందరితో కలిసి నేనూ ఆమెన్ అన్నాను. అందరికంటే గట్టిగా అన్నాననే గుర్తు.

నాలుగు నెలల తర్వాత రెండో ఉత్తరం వచ్చింది. ఈసారి ఆవిడ కూతురు రాసింది. ఇంగ్లీషు బాగా తెలిసిన మనిషి. 'తలుపు తెరుచుకోదని మా అమ్మకు మాటిచ్చారు. మా అమ్మ మిమ్మల్ని నమ్మి, అసలు తెరుచుకుంటుందో లేదో చూద్దామని నొక్కింది. తెరుచుకుంది. ఇప్పుడు ఆమె అద్దె కట్టలేక నా ఇంట్లో ఉంటోంది, నా మొహం చూడటానికి సిగ్గుపడుతోంది. మీరు సరిచేయకపోతే చేయలేదని చెప్పాల్సింది.'

నేను నమ్మలేదు. నేను రాసిన కోడ్, నేను వంద వేషాలతో తోసి చూసిన తలుపు. కోడ్ తెరిచి చూశాను. నా తాళం అక్కడే ఉంది, కానీ ఎవరో ఆఫ్ చేసి పెట్టారు. ఎవరు, ఎప్పుడు అన్నది అందులోనే ఉంటుంది. అన్నయ్య పేరు. నేను హైదరాబాద్‌లో ఉన్న రెండో వారం. పక్కన ఇంగ్లీషులో చిన్న నోటు: 'ఈ దేశంలో చట్టం ఇది అడగదు. కొత్త ఖాతాలు తగ్గుతున్నాయి.'

ఆ నోటు ఎన్నిసార్లు చదివానో. ఆయన పేరు వేరే ఎవరిదో అయి ఉంటుందేమోనని కూడా వెతికాను. ఆ కంపెనీలో ఆ పేరుతో ఆయనొక్కడే ఉన్నాడు.

గదికి వెళ్ళి తలుపు వేశాను. కూతురి ఉత్తరం ఆయన ముందు పెట్టాను.

"ఎందుకు ఆఫ్ చేశారన్నయ్యా?"

ఆయన ఉత్తరం వంక చూడలేదు. "బిజినెస్ టీమ్ నా మీద కూర్చుందమ్మా. ఆ ప్రశ్న చూసి జనం భయపడి వెళ్ళిపోతున్నారట. చట్టం అడగనిది మనం ఎందుకు చేస్తున్నాం అని మీటింగ్‌లో నిలదీశారు. నేనేం చెప్పను?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు వీసా టెన్షన్‌లో ఉన్నావు. ఎందుకులే అని."

"ఆవిడకు మాటిచ్చాం కదన్నయ్యా."

"ప్రపంచంలో ఎంతమంది ఆడతారమ్మా? అందరినీ మనం కాపాడగలమా? నీ వీసా ఎలా వచ్చింది? లాటరీలోనేగా. దేవుడి ప్లాన్ అనుకున్నాం. ఆవిడకూ ఏదో ప్లాన్ ఉంటుంది." ఆ మాట అనేశాక తనకే బాగా అనిపించలేదేమో, గొంతు తగ్గించాడు. "వచ్చే రిలీజ్‌లో మళ్ళీ ఆన్ చేయిస్తాను. నా మాట నమ్ము."

నేను నమ్మాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం. ఆ కూతురికి జవాబు రాయమని కూడా ఎవరికీ చెప్పలేదు. వచ్చే రిలీజ్ అయ్యాక చెప్పవచ్చులే అనుకున్నాను.

ఆ కూతురు మా జవాబు కోసం ఆగలేదు. వాళ్ళ దేశపు నిఘా ఆఫీసుకు ఫిర్యాదు చేసింది. ఆ తాళం చట్టం అడిగింది కాకపోవచ్చు, కానీ ఉందని మేమే కాగితం మీద రాసి పంపాం. ఉందని చెప్పి తీసేయడం తప్పు. వాళ్ళు కాగితాలన్నీ పంపమన్నారు.

వారం తర్వాత నన్ను ఒక మీటింగ్‌కి పిలిచారు. హెచ్ఆర్ ఆవిడ, కంపెనీ లాయరు, అన్నయ్య. లాయరు ఒక ఫారం నా ముందుకు జరిపాడు. 'అన్ని దేశాల్లోనూ ఈ తాళం పరీక్షించాను, పనిచేస్తోంది' అని ఉంది. కింద నా సంతకం. తాళం ఆఫ్ చేసిన మర్నాటి తేదీ.

ఆ తేదీన నేను హైదరాబాద్‌లో కాన్సులేట్ బయట ఎండలో, ఫైలు నెత్తిన పెట్టుకుని లైన్లో నిలబడి ఉన్నాను.

"ఇది నేను పెట్టలేదు," అన్నాను.

"మీ కీతో పెట్టింది," అన్నాడు లాయరు.

నేను అన్నయ్య వైపు తిరిగాను. ఆ గదిలో నాకు తెలిసిన మొహం అదొక్కటే. ఆయన లాప్‌టాప్ వైపు చూస్తూ, ఇంగ్లీషులో, చాలా మర్యాదగా చెప్పాడు. బిజినెస్ టీమ్ అడిగితే ఆఫ్ చేశానని, ఆ తర్వాత అన్నీ సరిగ్గా ఉన్నాయన్న టెస్టింగ్ వాళ్ళ మాట మీదే తాను ముందుకు వెళ్ళానని. నా పేరు కూడా అనలేదు. 'టెస్టింగ్ వాళ్ళు' అన్నాడు.

"కీ ఆయనకిచ్చాను. ఆయనే అడిగారు," అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

హెచ్ఆర్ ఆవిడ రాసుకోవడం ఆపింది. "కీ ఇంకొకరికి ఇచ్చారా? మీరే ఒప్పుకుంటున్నారా?" అని అడిగింది. అన్నయ్య తనకు గుర్తు లేదన్నాడు. కీ ఇవ్వడం కంపెనీ రూల్ దాటడమే. ఉద్యోగం తీసేయడానికి వాళ్ళకు అది చాలు. ఆ శుక్రవారమే నా చివరి రోజు.

పెట్టె మోసుకుంటూ పార్కింగ్ లాట్‌కి వచ్చాను. పట్టపగలు, మంచి ఎండ. ఆయన నా కారు పక్కన నిలబడి ఉన్నాడు. పెట్టె అందుకోబోయాడు. నేను ఇవ్వలేదు.

"అమ్మా, నాకు ఇద్దరు పిల్లలు. గ్రీన్ కార్డ్ ఆఖరి మెట్టు మీద ఉంది. ఇప్పుడు నా ఉద్యోగం పోతే పదకొండేళ్ళు మట్టిలో కలిసిపోతాయి. నువ్వు చిన్నదానివి, ఒక్కదానివి. ఎక్కడైనా దొరుకుతుంది. నేను రిఫర్ చేస్తాను."

"నాకు అరవై రోజులే ఉన్నాయన్నయ్యా. ఈలోగా దొరక్కపోతే దేశం వదిలి వెళ్ళాలి. మీకు తెలుసు."

"దేవుడున్నాడమ్మా."

అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటకు ఏడుపొచ్చింది. ఆయన నా భుజం మీద చెయ్యి వేయబోయి, ఆఫీసు కిటికీల వైపు ఒకసారి చూసి, వెనక్కి తీసుకున్నాడు.

ఆ ఆదివారం నేను ఆరాధనకు వెళ్ళలేదు. బుధవారం సాయంత్రం పాస్టర్ గారు సన్నీవేల్‌లో మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. టీ ఇచ్చాను. కప్పు చేతిలో తిప్పుతూ మెల్లగా మొదలుపెట్టారు.

"లాటరీ కంపెనీలో పనిచేశావటగా సిస్టర్. సంఘానికి తెలియకుండా."

"ఎవరు చెప్పారండీ?"

"బ్రదర్ గారే. ప్రార్థనా కూడికలో నీ కోసం ప్రార్థించమని అడిగారు. పాపం కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ ఉద్యోగం పోవడం కూడా ప్రభువు నిన్ను బయటకు లాగడమే అన్నారు."

"ఆయన ఎక్కడ పనిచేస్తారో అడిగారా అయ్యగారూ?"

"పేమెంట్స్ కంపెనీ కదమ్మా."

"ఒకే కంపెనీ అండి. ఒకే ఫ్లోరు. నేను ఆయన కింద పనిచేశాను. నన్ను పెట్టించిందే ఆయన."

పాస్టర్ గారు టీ తాగడం మానేశారు. చెడ్డ మనిషి కాదు ఆయన. చాలాసేపు కార్పెట్ వంక చూశారు. చివరికి, ఇద్దరి కోసమూ ప్రార్థన చేద్దాం అన్నారు. చేశారు. ఇద్దరినీ ఒకే వాక్యంలో పెట్టి, ఇద్దరి మధ్య శాంతి సమాధానాలు కలిగించమని ప్రార్థించారు. నేను కళ్ళు మూసుకోలేదు. అన్నయ్య సంఘంలో కోశాధికారి. కొత్త హాలు కోసం అందరికంటే ఎక్కువ ఇచ్చింది ఆయనే. తర్వాతి ఆదివారం కూడా ముందు వరసలో కూర్చుని పాటలు పాడాడని అదే సంఘానికి వెళ్ళే నా రూమ్మేట్ చెప్పింది.

ఆ మర్నాడు నిఘా ఆఫీసుకు ఉత్తరం రాశాను. పాస్‌పోర్టులో హైదరాబాద్ ఎయిర్‌పోర్టు ముద్రలున్న పేజీ, కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కాగితం జతచేశాను. కీ ఇచ్చిన తప్పు నాదేనని రాశాను. కూతురి ఉత్తరం అందాక కూడా కొన్ని వారాలు నోరు మూసుకున్నానని రాశాను. ఆ వాక్యం మూడుసార్లు తీసేసి నాలుగోసారి ఉంచాను. ఇలాంటి ఉత్తరం రాసినదాన్ని ఇంకో కంపెనీ తీసుకుంటుందా అన్న భయం ఒకవైపు, అన్నయ్య పిల్లల మొహాలు ఒకవైపు. చిన్నది నన్ను ఆంటీ అని పిలవడానికి నోరు తిరగక 'ఆన్నీ' అనేది.

అరవై రోజుల్లో యాభై రెండో రోజున సియాటెల్ పక్కన బాతెల్‌లో ఉద్యోగం దొరికింది. ఆసుపత్రుల్లో రక్తపరీక్షలు చేసే యంత్రాలు తయారుచేసే కంపెనీ. అక్కడ సంతకాల పట్టింపు ఇంకా ఎక్కువ. మొదటి రోజు కీ ఇస్తూ, ఎవరికీ ఇవ్వకూడదని మా మేనేజర్ అంటుంటే దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను.

నిఘా ఆఫీసు నుంచి ఎనిమిది నెలలకు జవాబు వచ్చింది. నా సమాచారం అందిందని, కంపెనీ ఆ తాళాన్ని తిరిగి పెట్టడానికి ఒప్పుకుందని, జరిమానా కట్టిందని, సంతకం ఎవరు పెట్టారన్నది కంపెనీ అంతర్గత విషయమని ఉంది. ఆ తల్లీకూతుళ్ళ గురించి చెప్పడానికి వీల్లేదన్నారు. ఆవిడ పోగొట్టుకున్నది తిరిగి వచ్చిందో లేదో నాకు తెలియదు. కూతురికి క్షమాపణ చెబుతూ ఒక ఉత్తరం రాసి, నిఘా ఆఫీసు ద్వారా పంపమని అడిగాను. పంపారో లేదో చెప్పలేదు.

అన్నయ్య ఉద్యోగం పోలేదు. గ్రీన్ కార్డ్ వచ్చిందని సంఘం గ్రూపులో ఫొటో పెడితే పాత రూమ్మేట్ నాకు పంపింది. ఒకసారి నాకు మెసేజ్ పెట్టాడు. 'వందనాలమ్మా, బాగున్నావా? వదిన నిన్ను తలుచుకుంటోంది.' జవాబు ఇవ్వలేదు. చాలా రోజులు జవాబులు మనసులో రాసుకున్నాను. తిట్లు రాసుకున్నాను, బైబిల్ వాక్యాలు రాసుకున్నాను. ఒకసారి ఊరికే 'ఎందుకు' అని రాసుకున్నాను. ఏదీ పంపలేదు.

మొన్న శనివారం ఉదయం బట్టలు మడతపెట్టుకుంటుంటే వదిన ఫోన్ చేసింది. ఏడాదిన్నర తర్వాత ఆమె గొంతు వినడం. ముందు నా ఆరోగ్యం అడిగింది, వాన గురించి అడిగింది, అన్నం వండుకుంటున్నావా అని అడిగింది. తర్వాత ఆగింది. వెనక పిల్లల గొంతులు వినిపించాయి, ఒక తలుపు వేసిన చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. ఇంకో గదిలోకి వెళ్ళి ఉంటుంది.

"ఒకటి అడుగుతాను. కోప్పడకు."

"అడగండి వదినా."

"ఆ సంతకం... నువ్వు పెట్టి, తర్వాత భయపడి ఆయన మీద తోశావని చెప్పారు నాకు. నేనూ అదే అనుకుంటూ వచ్చాను. నిజంగా నువ్వు పెట్టలేదా?"

"లేదు వదినా. ఆ సంతకం మీదున్న తేదీన నేను హైదరాబాద్‌లో ఉన్నాను. మీరే నాకు ఫోన్ చేశారు, స్టాంపింగ్ అయిందా అని."

ఫోన్ పెట్టేసిందేమోనని చూశాను. పెట్టలేదు. ఆమె ఊపిరి వినిపిస్తూనే ఉంది.

"అవును, చేశాను," అంది చివరికి. "బిర్యానీ పార్సిల్ పట్టుకుని హోటల్‌కి వెళుతున్నానన్నావు."

"అవును."

"సరేనమ్మా. ఉంటాను."

మళ్ళీ ఇంతవరకు ఆమె ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.